బొగ్గు కాని నీలం

నా కుడిచేతి మీది నీలాన్ని చూడడానికి ఒకప్పుడు మూడు కాలనీల నుంచి జనం వచ్చేటోళ్లు. వచ్చి, గడప కాడ చెప్పులు విడిచి, చెయ్యి ముట్టుకొని కళ్లకద్దుకొని పోయేటోళ్లు.

ఇట్ల మొదలుపెడితే దర్జాగా ఉంటదని రాసిన. జనం ఎవరూ రాలేదు. నేనే హోటల్ కాడ చాయ్ తాగేటప్పుడు అంగీ చెయ్యి మోచేతి దాకా మలిచి, గ్లాసు కుడిచేత్తో ఎత్తి పట్టుకొని, ఎవరన్న అడుగుతరేమో అని చూసేటోణ్ణి. కళ్లకద్దుకున్నది మాత్రం నిజం. అద్దుకున్నది ఒక్క మనిషే, మా ఇంటామె. ఆమె పోయి నాలుగేండ్లయితున్నది.

గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగినోని ఒంటి మీద నీలం గీతలు ఉండుడు కొత్త సంగతి కాదు. బొగ్గుపెళ్ల గీసుకొని తోలు తెగితే, కడుక్కునేలోపే సన్నటి దుమ్ము గాయంలోకి పోతది. పైన తోలు మూసుకుంటది, లోపల బొగ్గు పచ్చబొట్టు లెక్క ఉండిపోతది. ఒకనికి నుదుటి మీద, ఒకనికి ముక్కు మీద, మా బామ్మర్దికి కాలి పిక్క మీద. రిటైరై ఎవరి ఊళ్లకు వాళ్లు పోయినా ఆ గీతలను చూసి ఒకరినొకరం గుర్తుపడతం. అందుకే నా చెయ్యి నీలం తిరిగినప్పుడు ఇదేంది అని ఎవరూ అడగలేదు. బొగ్గు అన్నరు. పాతికేండ్లు అందరం కలిసి పొరబడ్డం. వాళ్లది ఒట్టి పొరపాటు. నాది పొరపాటు కొంచెం, అబద్ధం ఎక్కువ.

ఆ అబద్ధం ఎట్ల పుట్టిందో ముందుగాల చెప్త.

నేను బాయిలో టింబర్ పని చేసేటోణ్ణి. అంటే బొగ్గు తీసిన జాగలో పైకప్పు కూలకుండ కర్రదిమ్మెలు నిలబెట్టుడు. మా జట్టుకు పెద్ద ఒకాయన ఉండె, మాకంటే పదిహేనేండ్లు పెద్ద, అందరం కాకా అనేటోళ్లం. మా ఇంటామె తమ్ముడు, అంటే నా బామ్మర్ది, అదే జాగలో బొగ్గు నింపేటోడు. ఒకనాడు మొదటి షిఫ్టులో పైకప్పు కూలింది.

హోటల్ కాడ నేను చెప్పే కథ ఇది. లారీ అంత బండ. దాని కింద బామ్మర్ది. నేను కుడిచెయ్యి బండ కింద పెట్టి లేపి, ఎడమచేత్తో వాణ్ణి బయటికి గుంజిన. ఆ బండ మొదటి సంవత్సరం పొయ్యిరాయి అంతనే ఉండె. నేను రిటైరయ్యే నాటికి లారీ అంత పెరిగింది.

జరిగింది ఇది. దిమ్మె కిర్రుమన్నది. నేను ఉరికిన. బామ్మర్ది యాదికి రాలేదు, పెండ్లాం యాదికి రాలేదు, నా ప్రాణం ఒక్కటే యాదికొచ్చింది. ముప్పై నలభై అడుగులు ఉరికి, బొగ్గు టబ్బులు గుంజే ఇనుప తాడు కాలికి తట్టి బోర్ల పడ్డ. కుడిచెయ్యి గీసుకపోయింది. వెనుక దడదడమని చప్పుడు. దుమ్ము కొంచెం తగ్గినంక సిగ్గుతోని వెనక్కి పోయిన. అప్పటికే కాక ఒక దిమ్మెను బండ కింద దూర్చి, భుజంతోని ఎత్తి, మా బామ్మర్దిని బయటికి గుంజిండు. వానికి సోయి లేదు. కాలు చితికింది. కాక నన్ను చూసి, "ఏం చూస్తున్నవ్‌రా, నీ బామ్మర్దే గద, పట్టు," అన్నడు. గంతే. స్ట్రెచర్ ముందటి కొసలు నేను పట్టుకున్న.

మేం బాయి మీదికి వచ్చేసరికి ఆడోళ్లంత ఉరికొచ్చి ఉన్నరు. మా ఇంటామె అందరికంటే ముందట నిలబడ్డది. నెత్తురు కారుతున్న నా చెయ్యి చూసింది, తమ్ముని మొకం చూసింది. నా చెయ్యిని రెండు చేతులతోని పట్టుకొని, "నా తమ్ముణ్ణి తెచ్చినవ్," అన్నది.

నేను "ఊ" అన్న.

నా అబద్ధమంతా ఆ ఒక్క "ఊ"నే. లారీ, బండ, అవన్నీ దాని మీద తర్వాత కట్టిన మిద్దెలు. కాక మా వెనుకనే పైకి వచ్చి, నల్లా కాడ నోరు పుక్కిలించి, సైకిలు తీసుకొని ఇంటికి పోయిండు.

గాయం మానింది. బొగ్గు మరక లేకుండ శుభ్రంగ మానింది, ఆ సంగతి నాకు తెలుసు. మూడేండ్లకు, కొత్త మిషన్ల పని నేర్చుకొమ్మని మమ్ములను కొందరిని పోలండ్‌కు పంపిండ్రు. నాలుగు నెలలు ఉండొచ్చిన. వచ్చిన రెండో చలికాలంలో ఒకనాడు పొద్దుగాల ఆమె నా చేతికి నువ్వుల నూనె రుద్దుకుంట రుద్దుకుంట ఆగింది. చేతి వెనుక, వేళ్ల కణుపుల మీద, ఎరుపూ నీలం కలిసిన రంగు. పిసికిన పిండి లెక్క కొంచెం ఉబ్బు. నొప్పి లేదు, దురద లేదు. ఆమె చెయ్యిని వెలుతురు దిక్కు తిప్పి చూసింది.

"ఆనాడు లోపలికి పోయిన బొగ్గు," అన్నది. "ఇప్పుడు పైకి తేలుతున్నది."

"తేలితే తేలనియ్యి."

"నొస్తున్నదా?"

"నీ తమ్మునంత బరువైతే లేదు," అన్న.

నవ్వింది. నవ్వుకుంటనే ఆ చెయ్యిని కళ్లకద్దుకున్నది. గాయం శుభ్రంగ మానింది గదా, బొగ్గు ఏడికెల్లి వచ్చింది అని నా లోపల ఒక మాట లేచింది. దాన్ని లేచినచోటనే కూసోబెట్టిన.

ఆ ఏడు నుంచి రాఖీ పున్నమ నాడు మా ఇంట్లో ఒక పద్ధతి మొదలైంది, ఇంకెవరింట్లో ఉండదు అసుంటిది. బామ్మర్ది కుంటుకుంట మందమర్రి నుంచి వచ్చేటోడు. ఆమె వానికి రాఖీ కట్టి, హారతిచ్చి, మిఠాయి పెట్టేది. తర్వాత నా దిక్కు తిరిగి, నీలం మీద పసుపు రాసి బొట్టు పెట్టేది. "ఈ చెయ్యి లేకుంటే నేనెవరికి కడుదును," అనేది.

"అక్కా, బొట్టొక్కటే ఏం సరిపోతది, కోణ్ణి గూడ కొయ్యి," అనేటోడు బామ్మర్ది.

"కోస్త. ముందుగాల నువ్వు ఇంకో బండ కింద పడు."

ముగ్గురం నవ్వేటోళ్లం. నా నవ్వు అందరికంటే పెద్దగ ఉండేది. ఒక్క మాట చెప్తె అయిపోయేది. కాని పసుపు చల్లదనం, ఆ బొటనవేలు నా కణుపుల మీద అట్ల ఆగి ఉండుడు, ఎట్ల వదులుకుంటరు చెప్పుండ్రి? పెండ్లయిన నాటి నుంచి ఆమె నన్ను అంత మర్యాదగ చూసింది ఆ ఒక్క రోజే. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులు నా బనీను ఎక్కడ పారేసిన్నో అడిగి తిట్టుడే. ఇది పెంచి చెప్పుడు కాదు.

ఆమె పోయినంక ఆ చెయ్యిని ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. నూనె బంద్ అయ్యింది. నీలం ఎప్పుడు మణికట్టు దాటిందో, తోలు ఎప్పుడు తడిసిన ఉల్లిపొర లెక్క అయిందో నాకు సోయి లేదు. చాయ్ గ్లాసులు రెండు మూడు సార్లు జారినయ్. ముసలితనం అనుకున్న. పోయిన చలికాలం బామ్మర్ది వచ్చి నా ముందట కూసున్నోడు ఉన్నట్టుండి నా చెయ్యి లాక్కున్నడు. వేళ్ల మీద పెద్ద బొబ్బ.

"బావా, గిదేంది?"

"ఏది?"

"కాలింది గదా! నీకు తెల్వలేదా?"

పొద్దున వేడినీళ్ల గిన్నె దించిన. కాలినట్టే తెలియలేదు. వాడు గోరుతోని గిచ్చిండు, తెలియలేదు. వాని మొకం మారింది.

"కుష్టేమో బావా."

"నీ నోట్ల మన్ను పడ."

"నా నోట్ల పడితె పడనియ్యి, నువ్వు చెప్పులేసుకో. మంచిర్యాలల తోలు డాక్టరమ్మ ఉన్నదట."

డాక్టరమ్మ నా మనుమరాలి వయసుది. తాతా అని పిలిచింది. కళ్లు మూసుకొమ్మని దూది ఆనించింది, ఒక సీసా వేడిది ఒక సీసా చల్లటిది పెట్టి ఏదేదో చెప్పమన్నది. సగం తప్పు చెప్పిన. "ఇది ఎన్నేండ్ల నుంచి ఉన్నది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు బామ్మర్ది అందుకున్నడు.

"లారీ అంత బండ, మేడం!"

చెప్పిండు. నేను నేర్పిన కథ నాకంటే బాగ చెప్పిండు. ఆనాడు సోయి లేకుండ పడి ఉన్నోడు, అంతా కండ్లార చూసినట్టు, నా చెయ్యి ఎట్ల వణికిందో గూడ చెప్పిండు. ఆమె మొత్తం విని, "పెద్దాయనా, ఒకసారి మీ కాలు చూపెట్టండి," అన్నది వానితోని.

వాడు ప్యాంటు మలిచిండు. ఆమె టార్చి పట్టుకొని ఒకసారి వాని పిక్కను, ఒకసారి నా చెయ్యిని చూపెట్టింది.

"ఇది బొగ్గు. గీసినట్టు గీత ఉన్నది, ఎక్కడ తెగిందో అక్కడనే ఉన్నది. ఇన్నేండ్లల్ల నూలుపోగంత జరగలేదు. పైన తోలు మామూలుగనే ఉన్నది. తాత చెయ్యి చూడండి. గీత లేదు, అంచు లేదు. వేళ్ల కాడ మొదలై మణికట్టు దాటి పాకింది. తోలు పట్టి విడిస్తే సన్నటి ముడతలు, కింద నరాలన్నీ కనిపిస్తున్నయ్, వెంట్రుకలు లేవు. ముసలితనం అందామంటే ఎడమచెయ్యి మంచిగున్నది. బొగ్గు పాకదు తాతా. బొగ్గు తోలును పల్చగ చెయ్యదు."

తర్వాత మోచేతి కింద ఎముక వెంబడి వేళ్లు నడిపింది. ఒకచోట ఆగింది. తోలు కింద తాడు పేనినట్టు గట్టిగ ఏదో ఉన్నది. అది ఉన్న సంగతే నాకు తెలియదు.

"మీరు ఎన్నడన్న విదేశాలకు పోయిండ్రా?"

"మా బావ పోలండ్ పోయొచ్చిండు మేడం!" బామ్మర్ది ఛాతి ఉబ్బింది.

ఆమె టార్చి బంద్ చేసింది. "నేను అక్కడనే చదివిన," అని, నా మొకం లోకి చూసి నెమ్మదిగ అడిగింది. "ఆదివారం అడవికి పోయిండ్రా తాతా? పుట్టగొడుగులు ఏరనీకి?"

మంచిర్యాలలో, బస్టాండు హారన్లు వినిపించే గదిలో, ఒక ఆడపిల్ల నన్ను ఈ మాట అడుగుతదని నేను కలలో గూడ అనుకోలేదు. "లేదు బిడ్డా. ఆదివారం గూడ బాయిలనే ఉంటుంటిమి," అన్న.

"అవును మేడం," అన్నడు బామ్మర్ది. "మా అక్కకు ఉత్తరాలల్ల గట్లనే రాసేటోడు. మా అక్క అవి చదివి ఏడ్చేది."

"మంచిగ ఆలోచించుకొని మళ్లీ రండి," అన్నదామె నాతోని. "మీరు చెప్పేదాన్ని బట్టే ఏ పరీక్ష రాయాలో తెలుస్తది. నేననుకునే రోగాన్ని మన దగ్గర ఎవరూ వెతుకరు. ఆలస్యం చెయ్యకండి. తిమ్మిరి పైకి పాకితే రేపు ఆ చెయ్యి కాలినా, తెగినా మీకు తెలియదు."

వారం రోజులు ఇంట్లో కూసొని చెయ్యిని చూసుకున్న. చెయ్యి పోతదని భయం ఉన్నది, లేదనను. దానికంటే పెద్ద భయం ఇంకొకటి. ఈ నీలం బొగ్గు కాకపోతే, ఆమె అన్నేండ్లు పసుపు రాసింది దేనికి? ఆమె నన్ను మెచ్చుకున్న జాగ నా ఒంటి మీద ఈ జానెడే. దాన్ని గూడ తీసేస్తే నా కాడ ఇంకేం ఉంటది? ఒకపూట ఎడమచేత్తో నూనె రుద్దుకొని చూసిన. రుద్దిన చెయ్యికి తెలిసింది, రుద్దించుకున్న చెయ్యికి తెలియలేదు.

ఎనిమిదో రోజు బామ్మర్దికి చెప్పకుండ ఒక్కణ్ణే బస్సెక్కి మంచిర్యాల పోయిన. గోదావరి బ్రిడ్జి మీద బస్సు పోతుంటే ఏం చెప్పాలో కూడగట్టుకున్న. డాక్టరమ్మ ముందట కూసొని, "బిడ్డా, నేను అబద్ధాలకోరును," అని మొదలుపెట్టిన.

పోలండ్‌లో మా హాస్టల్ వంటావిడ గురించి నేను దోస్తులకు చెప్పిన కథ వేరు. ఇరవై ఏండ్ల దొరసాని, బంగారు జుట్టు, నన్ను చూడకుంటే ముద్ద దిగకపోయేదని చెప్పిన. ఆమె మా అమ్మ కంటే పెద్దది. ముందటి పండ్లు రెండు లేవు. ఆదివారం పుట్టగొడుగులకు పోతే బుట్ట మొయ్యడానికి మనిషి కావాలె, మిగతావాళ్లు దుప్పట్లు కప్పుకొని పండుకునేటోళ్లు, నేను దొరికేటోణ్ణి. మేం ఒకరి భాష ఒకరికి రాకుండ పొద్దంతా మాట్లాడుకునేటోళ్లం. ఆకులు కుళ్లిన తడివాసన. మోకాళ్ల దాకా గడ్డి. మా ఊళ్లో తొలకరి ఉరుములకు పుట్టల మీద లేచే పుట్టగొడుగులను మా ఇంటామె ఉల్లిగడ్డ, కారం వేసి వండేది. ఆ అడవిలో నడిచినంతసేపు ఆ కూర మీదనే పాణం ఉండేది. ఇంటికి రాసిన ఉత్తరాల్లో మాత్రం ఆదివారం గూడ చలిలో బాయిలనే మగ్గుతున్న అని రాసేటోణ్ణి. ఆమె జాలి పడాలని. పడ్డది గూడ.

ఒక ఆదివారం తిరిగొచ్చినంక చంకకు కొంచెం కింద, కుడిచేతి లోపలి దిక్కు, నల్లగ ఏదో అంటుకొని ఉన్నది. పసుల చెవులకు పట్టుకొని రక్తం తాగే గోమారి ఉంటది గదా, అటువంటిది, కాని చిన్నది. వంటావిడ అయ్యయ్యో అనుకుంట పట్టకారు తెచ్చి పీకేసింది. కొన్ని రోజులకు అక్కడ ఎర్రటి చక్రం పాకింది. దానంతట అదే పోయింది. మర్చిపోయిన.

డాక్టరమ్మ రాసుకుంట వింటున్నది. "లైమ్ అంటరు తాతా దీన్ని. ఆ పురుగు నోట్లోంచి వస్తది. చక్రం పోయిందంటే రోగం పోయినట్టు కాదు. లోపల ఉండి ఉండి, ఏండ్లకు చేతి మీదనో కాలు మీదనో ఇట్ల రంగు తేలుతది, తోలు పల్చబడుతది. రక్తం పంపుదాం."

తేలుతది అన్నది. ఆనాడు మా ఇంటామె అన్నదీ అదే మాట. చెయ్యిని వెలుతురు దిక్కు తిప్పి చూసుకున్న. తర్వాత అడిగిన.

"మందు వేసుకుంటే ఈ రంగు పోతదా బిడ్డా?"

"చానావరకు పోతది. పల్చబడ్డ తోలు మాత్రం మళ్లీ మందం కాదు. తిమ్మిరి కొంత తగ్గొచ్చు. పూర్తిగ తగ్గుతదని మాటియ్యలేను."

"రంగు ఉండి తిమ్మిరి పోయే మందు లేదా?"

ఆమె నవ్వింది. నేను ఎకసెక్కం ఆడుతున్న అనుకున్నది.

రక్తంలో ఆ రోగమే అని తేలింది. నెల్లాళ్లకు సరిపడ గోలీలు ఇచ్చింది. పొద్దున ఒకటి, మాపటికి ఒకటి, నిండ నీళ్లతోని మింగాలె, ఎండలో తిరగొద్దు. నిజం చెప్పిన మొగోణ్ణని ఛాతి విరుచుకొని ఇంటికి వచ్చిన. వచ్చి బామ్మర్దికి ఫోన్ చేసి ఏం చెప్పిన్నో తెలుసా? "బొగ్గుకు విరుగుడు గోలీలు ఇచ్చిందిరా, కొత్తగ వచ్చినయట."

రెండు వారాలకు ఎరుపు తగ్గింది. నీలం అంచులు వెలిసిపోయినయ్. ఒక సాయంత్రం బామ్మర్ది వచ్చి, మంచం మీద కూసొని, చాయ్ చేతిలో పట్టుకొని, నా చెయ్యిని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.

"బావా! పోతున్నది! ఇన్నేండ్ల బొగ్గు పోతున్నది!"

"ఊ."

"ఏ గోలీలు గవి? తే ఇటు." లేచి, అల్మారాలోంచి పట్టీ తీసి, వెలుతురుకు పట్టి చూసి, అంగీ జేబులో వేసుకున్నడు. "నా కాలుకు గూడ ఓ పది రోజులు వేస్త. నా కోడలు నల్లకాలు మామ అంటున్నది."

"ఏయ్, పెట్టు అక్కడ. గవి నీకు పనిచెయ్యవు."

"నీకు చేసినయ్ గద? నీ బొగ్గు నా బొగ్గు ఒక్క బాయిదేనాయె. ఒక్క బండదేనాయె!"

జేబు మీద చెయ్యి పెట్టుకొని నవ్వుతున్నడు. వాడు అవి మింగుతడు, నాకు తెలుసు. డాక్టరు రాయని గోలీ మింగి ఏమన్న అయితే? పైగా నాకు నెల నిండాలె, నడుమ ఆపొద్దని ఆమె గట్టిగ చెప్పింది. ఇంకో అబద్ధం కోసం వెతికిన. అరవై ఏండ్ల అనుభవం ఉన్నది, ఒక్కటి గూడ దొరకలేదు.

"అది బొగ్గు గాదురా," అన్న. "పురుగు కుట్టింది. పోలండ్ అడవిల."

"ఏ పురుగు? మరి ఆనాటి గాయం?"

"ఆనాటిది ఎప్పుడో మానింది. అది గూడ బండకు తగిలింది గాదు. ఉరుకుతుంటే పడ్డ."

వాని నవ్వు మొకం మీదనే ఉన్నది, కాని లోపల ఖాళీ అయ్యింది. "ఎటు ఉరికినవ్?"

"బయటికి."

చాయ్ గ్లాసు కింద పెట్టిండు. "అయితే నన్ను గుంజిందెవరు?"

"కాక."

వాడు నన్ను తిడతడనుకున్న. కొడతడనుకున్న. కొడితే బాగుండు అని గూడ అనుకున్న.

"కాక రామకృష్ణాపూర్ల రెండేండ్లు మంచంల పడి ఉన్నడు బావా," అన్నడు. "దమ్ము రాక. నేను ఆ గల్లీలకెల్లే డ్యూటీకి పోయేది. గుడిసె ముందట మంచమేసుకొని కూసుంటె, కాకా మంచిగున్నవా అని బండి మీదికెల్లే అడిగేది. ఒక్కనాడు బండి దిగలే." చితికిన కాలు రుద్దుకుంట, "కాక చనిపోయినప్పుడు గూడ డ్యూటీ ఉందని పోలే," అన్నడు.

గోలీల పట్టీ తీసి మంచం మీద పెట్టి, కుంటుకుంట పోయిండు. చాయ్ అట్లనే ఉన్నది.

నేను దొంగిలించింది ఏందో నాకు అప్పటిదాక సమజ్ కాలేదు. ఆమె మెప్పు దొంగిలించిన అనుకున్న, అది నా ఇంటి వ్యవహారం అనుకున్న. ఒక ముసలాయన గుడిసె ముందట దగ్గుకుంట కూసుంటే, ప్రాణం దక్కినోడు ఆయన ముందటి నుంచే బండి ఆపకుండ పోయిండు. అది నేను చేసిన పని.

ఆ తర్వాతి రోజుల్లో ఆమె నాకు ఎంత యాదికొచ్చిందో రాయలేను. మెచ్చుకునే ఆమె కాదు యాదికొచ్చింది. కోపమొచ్చిన ఆమె. ఆమెకు కోపమొస్తే తిట్టేది కాదు. అన్నం గిన్నె నా ముందట పెట్టి, నా దిక్కు చూడకుండ, గోడతోని మాట్లాడేది. "తినేటోళ్లు తినొచ్చు," అని గోడకు చెప్పేది. ఎక్కువల ఎక్కువ మూడు రోజులు. ఈ సంగతికి మూడు రోజులు సరిపోవు, మూడు నెలలు గోడతోనే మాట్లాడేది. తర్వాత చీర కొంగు నడుముకు చుట్టి, "నడువు, ముందుగాల కాక ఇంటికి," అనేది. ఆ మూడు నెలలు నాకు కావాలె. గోడతోని మాట్లాడినా సరే, ఆ గొంతు ఇంట్లో ఉండాలె.

పన్నెండు రోజులకు బామ్మర్ది ఫోన్ చేసిండు. నమస్తే లేదు, మంచిగున్నవా లేదు.

"కాక పెండ్లాం ఉన్నదట. రేపు పోతున్న. వస్తె రా."

రామకృష్ణాపూర్‌లో ఆటో దిగేసరికి వాడు ఒక చీర, డజను అరటిపండ్లు పట్టుకొని నిలబడ్డడు. నాతోని మాట్లాడలేదు. ముసలామె ఇంటి ముందట చాటలో బియ్యం ఏరుతున్నది. బామ్మర్ది చీర ఆమె ఒడిలో పెట్టి, వంగరాని కాలుతోని ఎట్లనో వంగి, కాళ్లు మొక్కిండు. ఆనాటి సంగతంతా చెప్పిండు. ఎవరు గుంజిండ్రో చెప్పిండు. ఎవరు ఉరికిండ్రో చెప్పలేదు. నా దిక్కు ఒకసారి చూసి ఆ ముక్క మింగేసిండు.

ముసలామె చాట ఆపింది. "మా ముసలాయనా? నాకైతె ఎన్నడు చెప్పలే. వచ్చి, తానం జేసి, బువ్వ తిని పండుకునేది. బాయి ముచ్చట ఇంట్లకు తేకపోయేది."

"మాటకైనా చెప్పలేదా అవ్వా?"

"ఏం చెప్తడు కొడుకా? మీ అసుంటోళ్లను ఎందరిని గుంజిండో," అని, మళ్లీ బియ్యం ఏరుకుంట, నా చెయ్యి చూసి ఆగింది. "గదేంది, అట్ల పొరలు పొరలుగ ఉన్నది? బొగ్గా?"

బామ్మర్ది అరటిపండ్ల దిక్కు చూస్తున్నడు.

"కాదవ్వా," అన్న. "పురుగు కుట్టింది. చానా ఏండ్లాయె. చూపెట్టుకోలే."

"పురుగు కుడితె చూపెట్టుకోవద్దా? గింత వయసొచ్చి!" అని కసిరి, లోపలికి పోయి మూడు గ్లాసులల్ల చాయ్ తెచ్చింది. గ్లాసు అందుకుంటే, చిటికెన వేలికీ పక్క వేలికీ కొంచెం వేడి తగిలింది. మిగతా వేళ్లకు తగలలేదు.

తిరుగు దారిలో బామ్మర్ది మందమర్రి ఆటో ఎక్కిండు. ఎక్కేటప్పుడు, "గోలీలు మొత్తం మింగినవా?" అని అడిగిండు.

"ఇంక రెండు రోజులున్నయ్."

"మింగు," అని పోయిండు.

నేను మంచిర్యాల వచ్చి గోదావరిఖని బస్సెక్కిన. దారి పొడుగునా ముసలామె అన్న మాటలు ఒక్కొక్కటి యాది చేసుకుంట వచ్చిన. చాట ఎట్ల ఆపింది, ఎందరిని గుంజిండో అని ఎట్ల అన్నది, నన్ను ఎట్ల కసిరింది. "ఏమన్నదట ఆమె?" అని ఇంట్ల అడిగితే, ఒక్క ముక్క పెంచకుండ, ఒక్క ముక్క దాచకుండ చెప్పాలని వరుస పెట్టుకున్న. తలుపు ముందట నిలబడి జేబులో తాళంచెవి వెతుక్కునేదాక, చెప్పడానికి ఇంట్లో మనిషి లేదన్నది యాదికి రాలేదు.